పెళ్లిరోజు కానుకగా నగ కొనడం: కొలత నుంచి బిల్లు దాకా

పెళ్లిరోజుకు భార్యకు నగ కొనాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న "ఏ నగ కొనాలి?" అన్నది. వరుసలో అది నిజానికి ఐదో ప్రశ్న. దానికి ముందు తేదీ, వాడుక, కొలత, డబ్బు అనే నాలుగు విషయాలు తేలాలి. అవి తేలకుండా కొట్టులో అడుగుపెట్టినవారికి అమ్మకందారు పళ్లెంలో పరిచి చూపించినదే ఎంపిక అవుతుంది. రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, నరసాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు వంటి డెల్టా ఊళ్లలో కొనేవారిని దృష్టిలో పెట్టుకుని ఈ క్రమాన్ని రాశాను. భర్తకు కొనదలచిన భార్యల కోసం 10వ విభాగం ఉంది.

1. తేదీ తేల్చుకుని వెనక్కి లెక్కించండి

మీ ఇంట్లో పెళ్లిరోజును తిథి ప్రకారం జరుపుకుంటారో, ఇంగ్లీషు తేదీ ప్రకారం జరుపుకుంటారో ముందు స్పష్టం చేసుకోవాలి. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి తిథి ఏటా సుమారు 11 రోజులు ముందుగానే వస్తుంది, అధికమాసం వచ్చినప్పుడు అంతకంటే ఎక్కువ రోజులు ఆలస్యంగా వస్తుంది. పంచాంగం చూడకుండా పోయినేటి తేదీనే పట్టుకుంటే నగ చేతికి వచ్చేసరికి పండుగ దాటిపోతుంది.

మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణ మాసాల్లో పెళ్లిళ్ల పని వల్ల స్వర్ణకారులకు తీరిక ఉండదు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, వైశాఖంలో అక్షయ తృతీయ తోడైతే కొట్లలో నిలబడి మాట్లాడటానికి కూడా చోటు దొరకదు. మీ పెళ్లిరోజు ఆ నెలల్లోనే పడితే, పెళ్లిళ్లు లేని ఆషాఢంలోనో పుష్యంలోనో నిదానంగా చూసి కొని దాచుకోవడం మేలు. ఆ రోజుల్లో తరుగు (నగ తయారీలో పోయే బంగారం పేరిట కొట్టువారు వేసే మొత్తం) మీద బేరానికి కొంత వెసులుబాటు కూడా ఉంటుంది.

కాలపట్టిక ఇలా వేసుకోవచ్చు:

- చేయించే నగ అయితే 8 వారాల ముందు డిజైను ఖాయం చేసి ఆర్డరు ఇవ్వాలి.
- సిద్ధంగా ఉన్న నగ అయితే 4 వారాల ముందు కొలతలు సేకరించి, కనీసం రెండు కొట్లలో ధర రాయించుకోవాలి.
- ఆ నగను 10 రోజుల ముందు కొనాలి; ఉంగరం బిగించడానికో వదులు చేయడానికో ఆ గడువు అవసరమవుతుంది.

2. ఆమె ఒంటిమీద నిత్యం ఏముందో గమనించండి

ఈ మార్గదర్శిలో ఒక్క విభాగమే చదవడానికి తీరిక ఉంటే ఇది చదవండి. ప్రతి ఇంట్లోనూ నగలు మూడు రకాలుగా ఉంటాయి: ఒంటిమీద నుంచి తీయనివి, ఊరు వెళ్లేటప్పుడు పెట్టుకునేవి, పెళ్లికి తప్ప బీరువాలోంచి రానివి. పెళ్లిరోజు కానుక మొదటి రెండు రకాల్లో చేరితేనే ఆమెకు రోజూ కనబడుతుంది. మూడో రకానికి డబ్బు పెట్టడం పొదుపు అవుతుందేమో గాని, కానుకగా దాని ఉనికి బ్యాంకు లాకరులోనే ముగుస్తుంది.

రెండు వారాల పాటు ఏమీ అడగకుండా చూడండి. పొద్దున్నే ఆమె తీసి పక్కన పెట్టే నగ ఏది, పెట్టుకున్నది మరిచిపోయేంత అలవాటైన నగ ఏది అన్నది తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్లే. తీసి పక్కన పెట్టే దానికి కారణం కూడా ఉంటుంది: బరువు, గుచ్చుకోవడం, చీర దారాన్ని లాగడం, లేదా కొక్కెం ఒంటి చేత్తో పెట్టుకోవడానికి వీల్లేకపోవడం.

చేసే పని నగ రూపాన్ని నిర్ణయిస్తుంది. నరసాపురం, పాలకొల్లు వైపు ఇళ్లలో లేసు అల్లే ఆడవారికి పైకి లేచిన రాళ్ల ఉంగరం పెద్ద ఇబ్బంది, ఎందుకంటే రాయిని పట్టి ఉంచే కాళ్లకు దారం పదేపదే తగులుకుంటుంది. ఆసుపత్రిలో పనిచేసే నర్సులకు పని వేళల్లో గాజులు, ఉంగరాలు పెట్టుకోనివ్వరు. వారికి చిన్న దుద్దులో, చొక్కా లోపల ఉండే సన్నని గొలుసో తగినవి. పిండి కలిపే చేతికి రాళ్ల మధ్య సందులున్న ఉంగరం వారం తిరిగేసరికి మసకబారుతుంది. చంటిపిల్లల తల్లికి సన్నని మెడ గొలుసు కొంటే పిల్లవాడి గుప్పిట్లో అది తెగడం ఖాయం.

గమనించవలసినవి:

- చెవికి ఎన్ని కుట్లున్నాయి, రంధ్రం సాగి ఉందా?
- ముక్కుపుడక ఏ వైపు? మరదా, వంపు తీగదా?
- ఏ చేతికి గడియారం, ఏ చేతికి గాజులు?
- పసుపు రంగు బంగారమే ఇష్టమా, గులాబీ రంగు కూడా పెట్టుకుంటారా?
- గిల్టు నగ పెట్టుకున్నప్పుడు చర్మం దురద పెడుతుందా? అలాంటివారికి నికెల్ కలిసిన తెల్ల బంగారం పడకపోవచ్చు.

సలహా అడగాలంటే ఆమె అక్కనో చెల్లెలినో అడగడం ఉత్తమం. కోనసీమలో ఒక బంగారం కొట్టు మెట్లెక్కిన వార్త మీరు ఇంటికి చేరేలోపే ఇంటికి చేరుతుంది కాబట్టి, రహస్యం ముఖ్యమనుకునేవారు పక్క ఊరి కొట్టుకు వెళ్లడమే నయం.

3. కొలతలు తీసుకోండి

*ఉంగరం.* ఆమె పెట్టుకునే ఉంగరాన్ని, ఏ చేతి ఏ వేలిదో గుర్తుపెట్టుకుని, కాగితం మీద ఉంచి లోపలి అంచు వెంట సన్నని పెన్సిలుతో గీత గీయండి. లోపలి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి 3.14తో గుణిస్తే చుట్టుకొలత వస్తుంది. అందులోంచి 40 తీసేస్తే మన కొట్లలో చెప్పే సైజుకు దగ్గరి సంఖ్య వస్తుంది. ఉదాహరణకు వ్యాసం 16.5 మిల్లీమీటర్లుంటే చుట్టుకొలత దాదాపు 52, సైజు 12. కుడి ఎడమ చేతుల వేళ్లు ఒకే కొలతలో ఉండవు. డెల్టా ఉక్కపోతలో సాయంత్రానికి వేళ్లు కొంచెం ఉబ్బుతాయి కూడా. అందువల్ల రెండు సైజుల మధ్య సందేహం వస్తే పెద్దదే తీసుకోండి. వెడల్పాటి పట్టీ ఉంగరానికి మామూలుకన్నా ఒక సైజు పెద్దది కావాలి.

చుట్టూ పూర్తిగా రాళ్లున్న ఉంగరాన్ని తర్వాత సవరించడం దాదాపు అసాధ్యం. కొలత కచ్చితంగా తెలియనప్పుడు ఆ రకం జోలికి వెళ్లకండి.

*గాజులు.* ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. గాజుల సైజు 2.4 అంటే రెండు దశాంశం నాలుగు అంగుళాలు కాదు. రెండో అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. ఆ ప్రకారం:

- 2.2 సైజు లోపలి వ్యాసం 54 మిల్లీమీటర్లు
- 2.4 సైజు 57.2 మిల్లీమీటర్లు
- 2.6 సైజు 60.3 మిల్లీమీటర్లు
- 2.8 సైజు 63.5 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా రెండున్నర అంగుళాలు
- 2.10 సైజు 66.7 మిల్లీమీటర్లు

స్కేలు మీద 2.4 అంగుళాలు చూసి 2.4 సైజు అడిగినవారు అవసరానికన్నా చిన్న గాజులు ఇంటికి తెస్తారు. ఆమె రోజూ వేసుకునే గాజు లోపలి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, ఆ అంకెనే కొట్టులో చెప్పండి. మర ఉన్న కడియం అయితే చేతి వెడల్పు అడ్డు రాదు, మణికట్టు చుట్టుకొలత చాలు.

*గొలుసు.* ఉన్న గొలుసు పక్కన దారం పరిచి పొడవు తీసుకోండి. గొలుసులు సాధారణంగా 16, 18, 20, 22, 24 అంగుళాల్లో దొరుకుతాయి. ఒకే పొడవులో రెండు గొలుసులుంటే మెడలో ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి కాబట్టి, పుస్తెలతాడుతో కలిపి వేసుకునే గొలుసు దానికన్నా స్పష్టంగా పొట్టిగా ఉండాలి.

4. డబ్బు ఎంత, ఎక్కడి నుంచి

మన వైపు పెద్దలు కాసుల్లో లెక్క చెబుతారు. కాసు అంటే 8 గ్రాములు. తులం అంటే ఇప్పటి బజారులో 10 గ్రాములు, పాత లెక్కలో 11.66 గ్రాములు. ఈ గందరగోళం ఎందుకు, కొట్టులో గ్రాములే మాట్లాడండి.

మీ దగ్గరున్న మొత్తంలో నాలుగింట మూడు వంతులకు మాత్రమే బంగారం వస్తుందనుకుని బయలుదేరండి. మిగిలినది తరుగు, మజూరీ, రాళ్లు, పన్నులకు పోతుంది. సాదా గొలుసుకు దీనికన్నా కొంత మిగలవచ్చు, దేవతామూర్తుల పనితనం ఉన్న హారానికి ఇది చాలకపోవచ్చు. సార్వా ధాన్యం డబ్బు చేతికి వచ్చాక కొనాలనుకునే రైతు కుటుంబాలు ఆ డబ్బు అందే తేదీకి, ఆర్డరు ఇవ్వవలసిన తేదీకి మధ్య ఎన్ని రోజులున్నాయో చూసుకోవాలి. అడ్వాన్సు ఇస్తే, లెక్క కట్టేది అడ్వాన్సు రోజు ధరతోనా, నగ తీసుకునే రోజు ధరతోనా అన్నది రసీదు మీద రాయించుకోవాలి.

నగల కొట్లు నడిపే 11 నెలల వాయిదా పథకంలో డబ్బు కట్టినవారు రెండు విషయాలు అడగాలి: ఎంత శాతం తరుగు వరకు మినహాయింపు ఉంది, రాళ్ల నగలకు అది వర్తిస్తుందా. చాలా పథకాల్లో తక్కువ తరుగున్న సాదా నగలకే మినహాయింపు పూర్తిగా అందుతుంది.

పాత బంగారం మార్చి కొత్తది తెచ్చి ఆశ్చర్యపరచాలనుకోవడం మాత్రం వద్దు. పుట్టింటివారు పెట్టిన నగ ఎంత పాతదైనా, కొక్కెం విరిగి బీరువా మూలన పడి ఉన్నా, ఆమెను అడగకుండా కరిగించే హక్కు భర్తకు లేదు. ఆమె ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి వెళ్లండి. రాళ్లు తీయించి తూకం వేయించండి, కళ్ల ముందే కరిగించమనండి, కరిగించాక మళ్లీ తూకం వేయించి స్వచ్ఛత ఎంత వచ్చిందో కాగితం మీద తీసుకోండి.

5. ఇప్పుడు నగ రకం

పై నాలుగూ తేలాక మిగిలే ఎంపికలు కొన్నే.

*దుద్దులు, బుట్టకమ్మలు, జుంకాలు.* కొలత అవసరం లేనివి కాబట్టి రహస్యంగా కొనడానికి ఇవే సురక్షితం. నిత్యం పెట్టుకునేవి జతకు 4 గ్రాముల లోపు ఉంటే చెవి సాగదు. అంతకన్నా బరువైనవైతే మాటీలు కూడా తోడుగా తీసుకోండి. వెనక మర ఎన్ని చుట్లు తిరుగుతుందో చేత్తో తిప్పి చూడండి. రెండు చుట్లకే ఊడే మర పోయే మరే.

*గాజులు.* నా దృష్టిలో 10, 15 ఏళ్ల పెళ్లిరోజులకు ఇంతకన్నా మంచి కానుక లేదు. తరుగు మధ్యస్థంగా ఉంటుంది, రోజూ వాడతారు, తర్వాత మార్చుకునేటప్పుడు నష్టం తక్కువ. లోపల గుల్లగా చేసినవి తేలిగ్గా, పెద్దవిగా కనిపిస్తాయి గాని గోడకు తగిలితే నొక్కుకుపోతాయి, నొక్కు తీయడం కష్టం. నాలుగు గుల్ల గాజులకన్నా రెండు గట్టి గాజులు మేలు.

*నల్లపూసలు.* పొట్టి నల్లపూసల గొలుసు ఉద్యోగం చేసే ఆడవారికి బాగా ఉపయోగపడుతుంది. పుస్తెలు, పుస్తెలతాడు మాత్రం ఆశ్చర్యపరిచే కానుకలు కావు. వాటిని మార్చడానికి చాలా ఇళ్లలో మంచి రోజు చూస్తారు, పెద్దల సమక్షం కోరుకుంటారు.

*పట్టీలు, మెట్టెలు.* బంగారాన్ని పాదాలకు పెట్టుకోని ఆచారం వల్ల ఇవి వెండివే. తక్కువ మొత్తంలో ఇవ్వగలిగిన మంచి కానుక. మువ్వల చప్పుడు ఆమెకు ఇష్టమో కాదో ముందే తెలుసుకోండి.

*హారాలు, వడ్డాణం, వంకీ.* ఇద్దరూ కలిసి చూసి కొనవలసినవి.

ఇంకొక మాట. తోడికోడలికి కొన్న నమూనానే తేవడం, అంతకన్నా నాలుగు గ్రాములు ఎక్కువ తేవడం, తక్కువ తేవడం మూడూ చర్చకు దారితీస్తాయి. వేరే రకం నగ ఎంచుకోవడమే మార్గం.

6. రాళ్లు, వజ్రాలు

కెంపులు, పచ్చలు అని చెప్పి అమ్మే చవక రాళ్లు చాలావరకు కృత్రిమమైనవి లేదా గాజువి. అవి అందంగా ఉండటంలో తప్పు లేదు, వాటికి సహజ రాయి ధర ఇవ్వడమే తప్పు. అమెరికన్ డైమండ్, సీజెడ్ అనేవి వజ్రాలు కావు. నీలం వంటి రాళ్లను జాతకం చూపించకుండా పెట్టుకోనివారు మన దగ్గర చాలామంది ఉన్నారు. అలాంటి ఇంట్లో నీలం ఉంగరం పెట్టెలోనే ఉండిపోతుంది.

వజ్రం కొంటే ధ్రువపత్రం ఉండాలి. జీఐఏ, ఐజీఐ సంస్థల పత్రాలు కొట్లలో సాధారణంగా కనిపించేవి. పత్రం మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో పెట్టి సరిచూసుకోవచ్చు. వజ్రం బరువును క్యారెట్లలో, సెంట్లలో చెబుతారు: ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే 100 సెంట్లు. 10 సెంట్ల రాయి ఒకటి, 1 సెంటు రాళ్లు పది ఒకే ధర కావు; పెద్ద రాయికి సెంటు ధర ఎక్కువ. బిల్లులో "వజ్రాలు మొత్తం ఇంత" అని కాకుండా ఎన్ని రాళ్లు, మొత్తం ఎన్ని సెంట్లు, రంగు, స్వచ్ఛత విడివిడిగా ఉండాలి.

ప్రయోగశాలలో పెంచిన వజ్రం నిజంగా వజ్రమే, కంటితో తేడా చెప్పలేరు. ధర సహజ వజ్రంకన్నా చాలా తక్కువ, తిరిగి అమ్మితే వచ్చేదీ చాలా తక్కువ. ధరించడానికే అయితే కొనవచ్చు, అది ఏ రకమో పత్రం మీదా బిల్లు మీదా స్పష్టంగా రాసి ఉన్నప్పుడే.

వజ్రాల నగలు ఎక్కువగా 18 క్యారెట్ల బంగారంలో (బంగారానికి క్యారెట్ అంటే బరువు కాదు, స్వచ్ఛత) చేస్తారు, రాయిని గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి. అలాంటి నగకు 22 క్యారెట్ల ధర వేస్తే ఒప్పుకోవద్దు.

7. కొట్టులో హాల్‌మార్కు పరిశీలన

2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేని హాల్‌మార్కు బంగారు నగ అమ్మకూడదు. నగ మీద మూడు గుర్తులుండాలి: త్రికోణంతో కూడిన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ముద్ర, స్వచ్ఛత (22 క్యారెట్లకు 22కె916, 18కి 18కె750, 14కి 14కె585), ఆ ఆరు అక్షరాంకెల సంఖ్య. ఇవి చాలా చిన్నవి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కొట్టులో ఉండాలి, మొహమాటపడకుండా అడగండి.

వరుసగా చేయవలసినవి:

- ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ ముందే పెట్టుకుని వెళ్లండి.
- హెచ్‌యూఐడీ పరిశీలన విభాగంలో సంఖ్య కొట్టండి.
- వచ్చిన వివరాల్లో నగ రకం, స్వచ్ఛత సరిపోలుతున్నాయా చూడండి. చేతిలో గొలుసు ఉండి యాప్‌లో ఉంగరం అని వస్తే ఆ నగ పక్కన పెట్టండి.
- ఆ సంఖ్యను ఫోటో తీసుకోండి.

మినహాయింపులూ తెలిసి ఉండాలి. 2 గ్రాముల లోపు నగలకు, కుందన్, పోల్కి, జడావు వంటి రాళ్లు పొదిగిన సంప్రదాయ నగలకు, ఏడాది వ్యాపారం 40 లక్షల రూపాయల లోపు ఉన్న చిన్న వర్తకులకు ఈ నిబంధన వర్తించదు. ముక్కుపుడక మీద ముద్ర లేదని గొడవపడనక్కరలేదు.

"కేడీఎం" అన్న మాట స్వచ్ఛతకు గుర్తు కాదు. అది కాడ్మియం కలిపి అతకడానికి సంబంధించినది. ఆ పొగ స్వర్ణకారుల ఊపిరితిత్తులకు హానికరం. కేడీఎం అని గొప్పగా చెప్పే చోట హాల్‌మార్కు చూపించమనండి.

కొన్న తర్వాత సందేహం వస్తే బీఐఎస్ గుర్తించిన పరీక్షా కేంద్రంలో 200 రూపాయల రుసుముతో పరీక్ష చేయించవచ్చు. హాల్‌మార్కు ఉన్న నగలో చెప్పినదానికన్నా స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ లోటు విలువకు రెట్టింపు పరిహారం, పరీక్ష ఖర్చు పొందే హక్కు బీఐఎస్ నిబంధనలు, 2018 ప్రకారం కొనుగోలుదారుకు ఉంది.

8. బిల్లు లెక్క మీరే వేయండి

లెక్క సులువు కోసం 22 క్యారెట్ల గ్రాము ధర 10,000 రూపాయలనుకుందాం. రాళ్ల నెక్లెస్ మొత్తం బరువు 12.400 గ్రాములు, అందులో రాళ్లు 0.900 గ్రాములు, నికర బంగారం 11.500 గ్రాములు.

- బంగారం: 11.500 × 10,000 = 1,15,000
- తరుగు 12 శాతం: 13,800
- రాళ్ల ధర: 2,500
- మొత్తం: 1,31,300
- జీఎస్టీ 3 శాతం: 3,939
- చెల్లించవలసినది: 1,35,239 రూపాయలు, దీనికి హాల్‌మార్కు రుసుము కొద్ది పదుల రూపాయలు కలుస్తుంది.

ఇదే నగకు రాళ్ల బరువు తీయకుండా 12.400 గ్రాములకు బంగారం ధర వేస్తే బంగారంలో 9,000, తరుగులో 1,080, వాటి మీద పన్నుతో కలిపి 10,382 రూపాయలు అదనంగా పోతాయి. అందుకే తూకం యంత్రం మీద కనిపించే అంకె కాదు, నికర బరువు అడగాలి. లక్క నింపిన నగలైతే లక్క బరువు కూడా తీసివేయాలి.

తరుగు, మజూరీ రెండూ కలిపి చూడటం మరో జాగ్రత్త. పక్క కొట్టులో "తరుగు 8 శాతమే" అని, మజూరీ గ్రాముకు 500 రూపాయలని చెబితే, పై నగకు తరుగు 9,200, మజూరీ 5,750, వెరసి 14,950 రూపాయలవుతుంది. అది 12 శాతం కన్నా ఎక్కువే. ఏ కొట్టులోనైనా ఒకే ప్రశ్న అడగండి: "అన్నీ కలిపి చేతికి ఎంతకు ఇస్తారండీ?" ఆ సంఖ్యను ఆ రోజు బంగారం విలువతో పోల్చితే అసలు అదనం బయటపడుతుంది. బంగారం ధర మీద బేరం ఉండదు, తరుగు మీదే ఉంటుంది.

బిల్లు మీద నగ వివరం, నికర బరువు, క్యారెట్లు, హాల్‌మార్కు రుసుము విడిగా ఉండాలి. "బిల్లు వద్దంటే పన్ను తగ్గిస్తాం" అన్న మాటకు లొంగితే, రేపు మార్చుకోవడానికీ ఫిర్యాదుకూ ఆధారం ఉండదు. 2 లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ వివరాలు ఇవ్వాలి. ఒక కొనుగోలుకు 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం నిషిద్ధం.

వెళ్లే ముందు తిరిగి మార్చుకునే షరతులు అడిగి బిల్లు వెనక రాయించుకోండి: ఎన్ని రోజుల్లో సైజు మారుస్తారు, అదే కొట్టులో మార్పిడికి కోత ఎంత, నగదుగా తీసుకుంటే కోత ఎంత, రాళ్లకు విలువ కడతారా.

9. స్వర్ణకారుడితో చేయించుకుంటే

తెలిసిన ఆచారి గారితో చేయిస్తే పనితనం, సర్దుబాటు బాగుంటాయి. ఒప్పందం మాత్రం కాగితం మీదే ఉండాలి: ఇచ్చిన బంగారం బరువు, స్వచ్ఛత, పూర్తయ్యాక నికర బరువు ఎంత, తరుగు ఎంత, ఏ తేదీకి ఇస్తారు. డిజైను ఫోటో చూపించి "ఇలాంటిదే" అనకండి. వెడల్పు, పొడవు మిల్లీమీటర్లలో చెప్పండి. ఫోటోలో పెద్దగా కనిపించిన లాకెట్టు చేతికి వచ్చేసరికి గోరంతే ఉండటం ఈ కారణంగానే. నగ అందాక పరీక్షా కేంద్రంలో స్వచ్ఛత చూపించుకుంటే ఇద్దరి మధ్య అనుమానానికి తావుండదు, పరిచయమూ నిలుస్తుంది.

10. భర్తకు కొనే భార్యలకు

ఉంగరం, గొలుసు, చేతి గొలుసు అనే మూడింట్లోనే ఎంపిక. బండి నడిపే చేతికి, రొయ్యల చెరువు మీద పనిచేసే చేతికి ఎత్తైన రాయి ఉంగరం సరిపడదు. చదునైన, రాయి లేని ఉంగరం తీసుకోండి. మెడ గొలుసు ఎప్పుడూ వేసుకోని మనిషికి 20 గ్రాముల గొలుసు కొంటే అది మీ మెడలోకే వస్తుంది. చేతి గొలుసుకు మణికట్టు చుట్టుకొలత తీసుకుని ఒక అంగుళం కలపండి.

11. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు

*ఉంగరం బిగుతైంది.* సాదా ఉంగరాన్ని ఒకటి రెండు సైజులు సవరించవచ్చు. ముద్ర ఉన్న భాగం కోయవద్దని ముందే చెప్పండి.

*నగ బరువెక్కువై పెట్టుకోవడం లేదు.* మార్పిడి గడువులోనే వెళ్లండి. గడువు దాటాక మార్చితే తరుగు రెండుసార్లు కట్టినట్లవుతుంది. హారం నుంచి లాకెట్టు విడదీసి సన్నని గొలుసుకు వేయించుకోవడం కొన్నిసార్లు చవకైన పరిష్కారం.

*వెండి పట్టీలు నల్లబడ్డాయి.* తీరం దగ్గరి తేమ గాలికి ఇది తొందరగా జరుగుతుంది. మోసపోయామనుకోనక్కరలేదు, స్వచ్ఛమైన వెండి కూడా నల్లబడుతుంది. మెత్తని గుడ్డతో తుడిచి గాలి చొరబడని సంచిలో పెట్టండి.

*ఆమెకు నచ్చలేదు.* అడిగితే నచ్చిందనే అంటారు. నెల రోజులు చూడండి. ఒక్కసారీ పెట్టుకోకపోతే మీరే "సైజు సరిచూసుకుందాం రా" అని కొట్టుకు తీసుకెళ్లండి. ఆ మాటతో ఆమెకు మార్చుకునే వీలు మర్యాదగా దొరుకుతుంది.

12. ఇచ్చే రోజు, ఆ తర్వాత

నగను ముందురోజు రాత్రి దేవుడి గదిలో పసుపు కుంకుమ దగ్గర ఉంచి, పొద్దున తాంబూలంతో ఇవ్వడం మన ఇళ్ల పద్ధతి. అన్నవరంలో వ్రతానికి వెళ్లేవారు బయలుదేరే ముందే ఇస్తే ఆమె పెట్టుకుని వస్తారు. కొండ మీద రద్దీలో పెట్టె తెరవడం క్షేమం కాదు. ధర చీటీ పెట్టెలోంచి తీసేయండి, బిల్లు, పత్రాలు వేరే కవరులో ఉంచండి.

శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీరు, తేలికపాటి సబ్బు లేదా కుంకుడు రసం, మెత్తని కుంచె చాలు. ముత్యాలు, పగడాలు, లక్క నింపిన నగలు, కుందన్ నగలను మాత్రం నీళ్లలో ముంచకూడదు. సెంటు, పౌడరు పూసుకున్నాకే ముత్యాలు వేసుకోవాలి, తీశాక పొడి గుడ్డతో తుడవాలి. పచ్చలున్న నగను కొట్లలో యంత్రంతో కడగనివ్వకండి. పచ్చల్లోని సన్నని పగుళ్లకు పట్టించిన నూనె పోయి రాయి వెలవెలబోతుంది. వజ్రాల నగను మిగతా వాటితో కలిపి ఒకే పెట్టెలో వేయకూడదు, బంగారం మీద గీతలు పడతాయి.

వాడకం మొదలైన నెల తర్వాత ఒకసారి కొక్కేలు, మరలు, రాళ్ల పట్టు పరిశీలించండి. నగను చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపినప్పుడు టకటక చప్పుడు వినిపిస్తే రాయి వదులైనట్లు. ఆ రోజే తీసి కొట్టుకు ఇవ్వండి.